ఎర్ర నట్ల ఉస్తాద్

మొన్న మా అల్లుడి కారు చక్రానికి గాలి నిలవడం లేదంటే బహదూర్‌పురాలో ఒక టైర్ల దుకాణానికి వెళ్లాం. అక్కడ ఒక యంత్రం ఉంది. చక్రాన్ని దాని మీద పడుకోబెట్టి, కాలితో మీట తొక్కితే, నేను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునేలోపు టైరు ఊడి పక్కన పడింది. నాకు నవ్వాగలేదు. ఇంతేనా అన్నాను. ఇంకేం కావాలన్నట్టు చూశాడు దుకాణం ఆయన. ఇంకా చాలా కావాలి నాయనా అని చెప్పాలనిపించింది. చెమట కావాలి, కుంకుడు నురగ కావాలి, చుట్టూ నలభై మంది ఊపిరి బిగబట్టి నిలబడాలి, చివరికి టైరు వదిలిన చప్పుడుకి శాలిబండ సగం ఉలిక్కిపడాలి. ఆయన తన పని తొందరలో ఉన్నాడు, వినేలా లేడు. అందుకని మీకు చెబుతున్నాను.

నేను చెప్పే మనిషికి ఒక పేరుండేది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. డ్రైవర్లకీ, క్లీనర్లకీ, పోలీసులకీ, ఇంట్లో భార్యకీ కూడా ఆయన ఉస్తాదే. శాలిబండలో మా ఇంటికి నాలుగు సందుల అవతల రేకుల షెడ్డు, ముందు కాస్త ఖాళీ జాగా, అదీ ఆయన దుకాణం. పుట్టింది కమ్మరింట్లో. ఆయన తండ్రి ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టా ఎర్రగా కాల్చి ఎక్కించేవాడట. "మా నాయిన జిందగీ అంత చక్రాలకు పట్టాలు ఎక్కిచ్చిండు, నేను దించుతున్న. ఇద్దరి పని కలిపి చూస్తె ఏం మిగల్లే" అని తనే చెప్పుకుని పగలబడి నవ్వేవాడు.

ఆ రోజుల్లో, అంటే యాభైల్లో, హైదరాబాదులో లారీ అంటే మిలిటరీ లారీయే. యుద్ధం అయిపోయింది, పోలీసు చర్య అయిపోయింది, మిలిటరీ వాళ్లు తమకు పనికిరాని బండ్లన్నీ వేలం వేస్తున్నారు. కొనుక్కున్నవాళ్లకు ఇంజను దొరికేది, చక్రాలు దొరికేవి, కానీ టైర్లు మాత్రం ఎండకు పగిలి, వానకు నాని, రిమ్ములకు తుప్పుతో అతుక్కుపోయి ఉండేవి. ఆ పాత టైరు ఊడితే తప్ప కొత్తది ఎక్కదు. రిమ్ము వంగిందా, ఇంకో రిమ్ము ఎక్కడా దొరకదు. ఊడదీయగలిగినవాడు పాతబస్తీ మొత్తానికి ఒక్కడు.

ఆ చక్రం సంగతి కాస్త చెప్పాలి. రెండు ఇనుప పళ్లేలను వీపులు ఆనించి బోల్టులతో బిగిస్తే ఎలా ఉంటుందో, ఆ రిమ్ము అలా ఉంటుంది. చక్రం మీద నట్లు రెండు వరుసలు. మధ్యకు దగ్గరగా ఉన్న వరుస చక్రాన్ని లారీకి పట్టి ఉంచుతుంది. బయటి వరుస రెండు పళ్లేలను కలిపి ఉంచుతుంది. లోపల గాలి ఉండగా ఈ బయటి వరుస విప్పితే పళ్లెం ఎగిరి వస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. అందుకని మిలిటరీ వాళ్లు ఆ వరుసకు ఎర్ర రంగు వేసేవారు. ఎర్రవి ముట్టకు, అంతే, చదువు రానివాడికైనా తెలిసిపోతుంది.

యుద్ధం రోజుల్లో ఉస్తాద్ సికింద్రాబాదు మిలిటరీ వర్క్‌షాపులో పనిచేస్తుండగా ఎవరో ఆ ఎర్రవి ముట్టారు. ఉస్తాద్ పక్కన ఉన్నాడు గనక బతికాడు, ఎడమ చెవి మాత్రం పోయింది. "ఎడమది సర్కారుకు ఇచ్చిన, కుడిది ఇంటిదాని కోసం ఉంచుకున్న" అనేవాడు. ముట్టినవాడు ఏమయ్యాడని అడిగితే సమ్మెట తీసుకుని ఇంకో పనిలోకి వెళ్లిపోయేవాడు.

ఆయన పలకరింపు ఒక్కటే, గాలి తీసినవా అని. చక్రం తెచ్చినవాడిని అడిగాడంటే అర్థం ఉంది. పెళ్లి పందిట్లో ఎదురైనా అదే, ఆసుపత్రి వరండాలో ఎదురైనా అదే. ఒకసారి మా బాపు, అంటే మా నాన్న, గుళ్లో అర్చన ముగించుకుని పట్టుబట్టతో వస్తుంటే, గాలి తీసినవా పంతులూ అన్నాడు. మా బాపు గంభీరంగా తీసిన నాయినా అని సాగిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఎవరు భోంచేసి లేచినా అదే మాట.

చక్రం ముందుకు వస్తే ఇక ఆ మనిషే వేరు. ముందు సుద్దముక్కతో నేల మీద గీత గీసేవాడు. ఆ గీత లోపల, చక్రానికి ఎదురుగా, ఎవరూ నిలబడకూడదు. ఒకసారి పోలీసు ఠాణా అమీన్ సాబ్ వచ్చి దర్జాగా అక్కడే నిలబడ్డాడు. ఉస్తాద్ పానా కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి అమీన్ సాబ్‌కు విషయం అర్థమై, టోపీ సర్దుకుని పక్కకు జరిగాడు. అందరూ జరిగాక ఉస్తాద్ వాల్వు పిన్ను తీసి, గాలి పోయాక సైకిలు పుల్ల ఒకటి లోపలికి దూర్చి, అటూ ఇటూ తిప్పి, చివరికి తన చెంప ఆ రంధ్రానికి ఆనించేవాడు. మట్టి అడ్డుపడి లోపల గాలి దాక్కుని ఉంటుందని ఆయన అనుమానం. చెంపకు చల్లగా తగలకపోతేనే పానా పట్టేవాడు. అప్పుడు కూడా ఎర్ర నట్లను ఒక్కోటి రెండు చుట్లే వదులు చేసి, సమ్మెటతో చుట్టూ కొట్టి చూసి, ఆ తర్వాతే పూర్తిగా విప్పేవాడు.

ఇక ఆయన పనిముట్లు. అబ్బ, వాటిని తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు ఊరుకోవు. గడ్డపారలను కాల్చి కొనలు సాగగొట్టినవి రెండు, ఒకటి పొడుగు, ఒకటి కురచ. పొడుగుది పెద్ద కోడలు, కురచది చిన్న కోడలు. టైరు అంచు కింద వాటిని ఎదురెదురుగా పెట్టాలి తప్ప ఒకే పక్కన పెట్టకూడదు. "ఒక్క పొయ్యి కాడ ఇద్దర్ని నిలవెడితే వంట అయితదా?" అనేవాడు. ఒక రైలు పట్టా ముక్కకు రెండు వైపులా కొక్కేలు దింపి, మధ్యలో మిలిటరీ జాకీని తలకిందులుగా బిగించాడు. కొక్కేలు రిమ్మును పట్టుకుంటే జాకీ కాలు టైరు అంచును కిందికి నొక్కుతుంది. దాని పేరు అత్త. టైరు జారడానికి కుంకుడుకాయ నురగ. అందుకని ఆ షెడ్డు ఎప్పుడూ ఆదివారం తలంటి పోసుకున్న ఇల్లులా వాసన వేసేది. నా తలకు నాలుగు కాయలు దొరకవు గానీ టైర్లకు గంపెడు కావాలని ఆయన భార్య రోజూ లొల్లి పెట్టేది. అన్నిటికీ ఆడవాళ్ల పేర్లే పెట్టావు, నీ దుకాణంలో మగవాళ్లెవరూ పని చేయరా అని ఒకసారి అడిగింది. చక్రం మగవాడే, అందుకే అంత మొండిగా కూర్చుంటాడు అన్నాడు.

ఇక మా కథ. మా బావ, అంటే మా అక్క భర్త, ఒక జాగీర్దారు దగ్గర కారు నడిపేవాడు. జాగీర్లు పోయాయి, కారు పోయింది, బావ ఉద్యోగం పోయింది. ఉన్నదంతా ఊడ్చి వేలంలో ఒక మిలిటరీ లారీ కొన్నాడు. గుడి మాన్యం మీద బతికిన మా ఇళ్లల్లో లారీ ఎక్కిన మొదటి మనిషి ఆయనే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కాగితాల పని, తనిఖీల పని నాది, బండి నడపడం ఆయనది. ఫలానా సోమవారం పొద్దున్న బండిని తనిఖీకి చూపించాలి, లేకపోతే పర్మిట్ ఇంకొకరికి పోతుంది. ఆ ముందు గురువారానికి బండి ఇటుకల మీద నిలబడి ఉంది. స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలు, ఐదింటికీ చచ్చిన టైర్లు.

నాలుగు చక్రాలు శనివారానికి వదిలాయి. ఒక్కో టైరు ఊడినప్పుడల్లా నేను ఇంటికి పరుగెత్తి అక్కకు చెప్పి మళ్లీ పరుగెత్తి వచ్చేవాడిని. ఐదోది వదల్లేదు. కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టాడు. అత్తను ఎక్కించాడు. జాకీ తిప్పిన కొద్దీ రబ్బరు చిరుగుతోంది తప్ప అంచు కదలడం లేదు. ఆదివారం మధ్యాహ్నమైంది. బావ గీత అవతల గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు. ఉస్తాద్ అన్నీ ఆపేసి, చక్రం పక్కన కూర్చుని, చూపుడువేలితో రిమ్ము చుట్టూ మెల్లగా రాసుకుంటూ పోయాడు. రెండు చుట్లు రాశాడు. మూడో చుట్టులో ఆగి, "చక్రమేమో గుండ్రం, నా అత్త కాలేమో సీదా. ఎట్లొస్తది?" అన్నాడు.

లేచాడు చూడండి ఇక! మా లారీదే విరిగిన కమాన్ పట్టా, అంటే స్ప్రింగు పట్టా, ముక్క ఒకటి తీసుకుని కొలిమిలో పెట్టాడు. ఎర్రబడ్డాక, అప్పటికే ఊడదీసిన రిమ్ము పళ్లెం ఒకటి నేల మీద పెట్టి, దాని వంపు మీదే ఆ పట్టాను వంచుతూ సమ్మెటతో కొట్టాడు. వాళ్ల నాన్న బండిచక్రం మీద పట్టాను వంచిన పద్ధతి అదేనట. సందులో పోయేవాళ్లంతా ఆగిపోయారు. గాజుల దుకాణాల వాళ్లు, రిక్షావాళ్లు, మసీదు నుంచి వస్తున్న పెద్దమనుషులు, చివరికి మా బాపు కూడా. నెలవంకలా తయారైన ఆ ముక్కను నీళ్లలో ముంచి జాకీ కాలికి తొడిగి, ఇన్నాళ్లకు ఇంటికి ఆడబిడ్డ వచ్చిందని ప్రకటించాడు. గీత బయట అందరూ ఒకటే నవ్వు. కుంకుడు నురగ కుమ్మరించి, జాకీని పావు చుట్టు తిప్పాడు. ఆగాడు. ఇంకో పావు. నవ్వులు ఆగిపోయాయి. ఇంకో పావు. ఫట్టుమని చప్పుడైంది, తుప్పు పొడి లేచింది, టైరు అంచు రిమ్మును వదిలేసింది. మా బావ చప్పట్లు కొడుతూ ఏడ్చాడు. నేను ముక్కూ మొహం తెలియని ఒక రిక్షా అతన్ని కావలించుకున్నాను.

సోమవారం తనిఖీ గట్టెక్కింది, పర్మిట్ చేతికొచ్చింది. కొత్త టైర్లు బిగించేటప్పుడే ఉస్తాద్ తన చేతులతో ఎర్ర నట్లన్నిటికీ మళ్లీ కొత్త ఎర్ర రంగు పూసి, మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు, ఎర్రవి ముట్టొద్దని. బావ బుద్ధిగా తలూపాడు.

ఆ తర్వాత నేను చేసిన పని వినండి. లారీకి పూజ చేసి మొదటి కిరాయికి పంపాలి. రంగులు వేయించే పెత్తనం నాది. తలుపులకు ఆకుపచ్చ, ముందు లక్ష్మీదేవి, చక్రాలకు పసుపు. పెయింటర్ ఎర్ర నట్లు వదిలేసి చుట్టూ పసుపు వేశాడు. నాకేమో ఆ నిండు పసుపులో ఎర్ర చుక్కలు కంట్లో నలుసుల్లా కనిపించాయి. వాటిక్కూడా పసుపు వేసేయమన్నాను. వేసేశాడు. మా బాపు కొబ్బరికాయ కొట్టాడు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి, శంషాబాద్ వైపు బండి బయల్దేరింది. మా అక్క సందు చివరి దాకా చూస్తూ నిలబడింది. అంత అందమైన లారీ పాతబస్తీలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

ఉస్తాద్ పూజకు రాలేకపోయాడు. ప్రసాదం నేనే తీసుకెళ్లి, ఎక్కడెక్కడ ఏ రంగు వేయించానో చేతులు తిప్పుకుంటూ వర్ణించాను. పులిహోర తింటూ, ఎర్ర నట్లు బాగా కనబడుతున్నాయా అని అడిగాడు. లేదు ఉస్తాద్, అవి కూడా పసుపే, ఒక్క తీరుగా మెరిసిపోతున్నాయి అన్నాను.

ఆయన ఆకు కింద పెట్టాడు. ఎంగిలి చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఒక సైకిలు పుల్ల, ఒక చిన్న పానా తీసుకుని రోడ్డు మీదికి నడిచాడు. అప్పటికి గాని నాకు తలకెక్కలేదు. బావకు తెలిసిందల్లా ఎర్రవి ముట్టకూడదని. ఇప్పుడు ఎర్రవే లేవు.

ఉస్తాద్ చెయ్యెత్తితే ఆగని లారీ ఆ దారిలో లేదు. ఇసుకకు పోతున్న ఖాళీ లారీ ఒకటి ఆగింది, ఇద్దరం ఎక్కాం. ఫలక్‌నుమా ఎత్తు ఎక్కుతుంటే బండి మూలుగుతోంది. ఉస్తాద్ తల బయటికి పెట్టి ముందు రోడ్డే చూస్తున్నాడు. ఎదురొస్తున్న లారీని ఆపి, పసుపు చక్రాల బండి చూశావా అని మా డ్రైవరు అడిగాడు. చూశాను, మైలు దూరంలో చింతచెట్ల దగ్గర ఆగి ఉంది, చక్రం విప్పుతున్నట్టున్నారు అన్నాడు ఆ మనిషి.

ఎందుకు ఆగాడో తర్వాత తెలిసింది. ముందు చక్రంలో గాలి మెల్లగా దిగుతుంటే మార్చేద్దామని ఆగాడు. సగం గాలి ఇంకా ఉంది. సగం గాలి చాలు. మేం వెళ్లేసరికి బావ చక్రానికి ఎదురుగా, ముక్కు తగిలేంత దగ్గరగా గొంతుక్కూర్చుని, చక్రం ఊడదీసే నట్లు అవేననుకుని బయటి వరుస నట్లు విప్పుతున్నాడు. ఐదు విప్పి వరసగా టవలు మీద పెట్టుకున్నాడు. ఆరోదానికి పానా తగిలించాడు.

నేను గట్టిగా అరవబోయాను. ఉస్తాద్ చేత్తో నా నోరు మూశాడు. అరిస్తే ఉలిక్కిపడి పానా తిప్పేస్తాడని ఆయన భయం. లారీ దిగి, పొలం గట్టు మీద షికారుకు వచ్చినవాడిలా మెల్లగా నడిచి, చక్రానికి పక్కవాటుగా కాస్త దూరంలో ఆగాడు.

"అన్నా, జర అగ్గిపెట్టె ఉంటె ఇయ్యవా" అన్నాడు.

ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. బావకు అదేం తట్టలేదు. నువ్వెక్కడి నుంచి ఊడిపడ్డావంటూ పానా వదిలేసి లేచి, జేబులు తడుముకుంటూ నడిచి వచ్చాడు. అగ్గిపెట్టె అందించిన చేతిని ఉస్తాద్ పట్టుకుని, అలాగే లారీ వెనక దాకా నడిపించుకుపోయాడు. అక్కడ మా ఇద్దరినీ కదలొద్దన్నాడు. తను టైరు వెనక వైపు నుంచి, ఒళ్లంతా పక్కకే ఉంచి, ఒక్క చెయ్యి మాత్రం ముందుకు చాపి, వాల్వు పిన్ను తిప్పాడు. గాలి కూత మొదలైంది. ఆ కూత ఎంతసేపు వచ్చిందో నేను చెప్పలేను. సన్నబడి, సన్నబడి, ఆగింది. పుల్ల దూర్చి తిప్పాడు. చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత కాళ్లు బారజాపి నేల మీద కూలబడి, పెద్దగా నవ్వాడు.

బావకు సంగతి అర్థమయ్యేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ వెంటనే కోపం వచ్చింది. "ఎవడు వేసిండు ఈ రంగు? ఎర్రవి ఏమైనయి?"

నేను నోరు తెరిచాను.

"నేనే ఏయమన్న" అన్నాడు ఉస్తాద్, నేల మీది నుంచి లేవకుండానే. "పసుపు ఎండినంక ఎర్రది నేనొచ్చి పెడ్తనని చెప్పిన. మరిచిపోయిన అన్నా. తప్పు నాదే."

బావ నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. ఇసుక లారీ డ్రైవరు వింటున్నాడు. వారం తిరక్కుండా ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరికీ, ఉస్తాద్ ఎర్ర నట్లు మరిచిపోయాడని తెలిసిపోయింది.

ఆ వారమే నేను షెడ్డుకు వెళ్లి, ఎందుకలా చెప్పావని అడిగాను. కుంకుళ్లు నలుపుతూ తల తిప్పి కుడి చెవి ఇటు పెట్టి, మళ్లీ అడిగించుకున్నాడు. "నువ్వు చేసినవంటె నిన్ను మళ్ల బండి ఎక్కనియ్యడు. మీ అక్క నడుమ నలుగుతది. నన్ను తిడతడు, తిట్టి మళ్ల నా దగ్గరికే వస్తడు. ఇంకెవనికి వస్తది ఈ పని?" అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి ఆయనకు. నా కళ్లు నిండాయి. సంతోషమో సిగ్గో ఆ రోజు విడదీయలేకపోయాను. చెప్పేస్తాను ఉస్తాద్ అన్నాను. నీ ఇష్టం పంతులూ అన్నాడు.

ఆయన అన్నట్టే బావ మళ్లీ వచ్చాడు. టైరు మార్చిన ప్రతిసారీ వచ్చాడు. కానీ పని అయ్యాక వంగి, ఎర్ర నట్లను ఒక్కొక్కటిగా వేలు పెట్టి లెక్కపెట్టేవాడు. అమీన్ సాబ్‌నే పక్కకు జరిపిన మనిషి, తప్పు రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడి, చూసుకో అన్నా, మంచిగ చూసుకో అనేవాడు. చెప్పడానికి నాకు ప్రతిసారీ ఏదో ఒక అడ్డం వచ్చేది. ఒకసారి అక్క నీళ్లోసుకుందని, ఒకసారి బావ రెండో లారీ బేరంలో ఉన్నాడని. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఉస్తాద్ పోయిన కబురు బావే తెచ్చాడు. దహనానికి డ్రైవర్లు ఎంతమంది వచ్చారో చెప్పాడు. అక్క మంచినీళ్లిస్తే తాగి, చెంబు కింద పెట్టి, "గసొంటి పనోడు మళ్ల దొరకడు. ఒక్కసారే మరిచిపోయిండు పాపం" అన్నాడు.

"మరిచిపోలే బావా" అన్నాను. "ఆ పసుపు నేనేయించిన. ఆయనకు తెల్వనే తెల్వదు."

బావ చెంబు పక్కకు జరిపి నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మరి ఇన్నేండ్లు నేను ఆయన ముంగట నట్లు లెక్కవెడ్తుంటె, నువ్వు పక్కనే ఉన్నవు గదరా" అన్నాడు.

ఉన్నాను. ప్రతిసారీ పక్కనే ఉన్నాను.